విటమిన్ డి తక్కువ, షుగర్ ఎక్కువ

షుగర్ ఉన్నవాళ్లు చేయించుకునే పరీక్షల్లో ఈమధ్య ఒకటి కొత్తగా స్థిరపడిపోయింది. ఇదివరకు పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం ఇచ్చి వస్తే సరిపోయేది. తర్వాత మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వచ్చి చేరింది. ఇప్పుడు దాని పక్కనే విటమిన్ డి. రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ అంకె ఎదురుగా ‘తక్కువ’ అని ఉంటుంది. మన దగ్గర పరీక్ష చేయించుకున్నవాళ్లలో చాలామందికి వచ్చేది అదే. ఆ వెంటనే 60,000 యూనిట్ల సాచెట్, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు. పొడి పాలలో కలుపుకొని తాగెయ్యడమే, పెద్ద కష్టమేమీ లేదు. ఎనిమిది వారాలయ్యాక ఆపమని గుర్తుచేసేవాళ్లు లేక నెలల తరబడి సాగిపోవడమూ మామూలే. ఇంతకీ ఆ పొడి మధుమేహం ఉన్న మనిషికి దీర్ఘకాలంలో ఏం మేలు చేస్తుంది? గుండెను కాపాడుతుందా, కిడ్నీని కాపాడుతుందా, ఆయుష్షు పెంచుతుందా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లోటు నిజంగా ఉన్నవాళ్లు ఎముకల కోసం, కండరాల కోసం దాన్ని పూడ్చుకోవాల్సిందే. కానీ మధుమేహం తెచ్చిపెట్టే గుండె జబ్బుకూ, కిడ్నీ జబ్బుకూ అది మందని చెప్పడానికి ఇప్పటిదాకా వచ్చిన రుజువులు చాలవు. ఈ రోగుల్లో విటమిన్ డి తగ్గడం ఎక్కువగా జబ్బుకు ఆనవాలు. దాన్నే కారణమనుకోవడంతో చిక్కు మొదలైంది.

ఆశ ఊరికే పుట్టలేదు, దానికి ఆధారాలున్నాయి. ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని బీటా కణాలకు విటమిన్ డిని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. రక్తనాళాల గోడల్లోనూ, రోగనిరోధక కణాల్లోనూ ఉన్నాయి. అంటే ఈ విటమిన్‌కు ఎముకలు కాక వేరే పనులు కూడా ఉన్నాయన్నమాట. దీనికి తోడు పెద్ద పెద్ద జనాభా అధ్యయనాలు వచ్చాయి. అమెరికాలో జనం ఆరోగ్యం, పోషణ మీద ప్రభుత్వం జరిపే ఎన్‌హేన్స్ సర్వేల నుంచి మధుమేహం ఉన్న 6,329 మందిని తీసుకొని చేసిన విశ్లేషణ 2021లో వెలువడింది. రక్తంలో విటమిన్ డి బాగా తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే ఎక్కువ ఉన్నవాళ్లు ఆ తర్వాతి ఏళ్లలో తక్కువగా చనిపోయారు. అన్ని కారణాల మరణాలు కలిపి చూస్తే తేడా సుమారు 40 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లలో తేడా ఇంకా ఎక్కువ. ఒక మందు ఈ మాత్రం తేడా చూపిస్తే ప్రపంచమంతా నెత్తిన పెట్టుకునేది. మరి విటమిన్ డి విషయంలో అంత తొందర ఎందుకు వద్దంటున్నానంటే, ఆ అధ్యయనంలో ఎవరూ ఎవరికీ మందు ఇచ్చి చూడలేదు. ఉన్న మనుషులను ఉన్నట్టు కొలిచారు, ఆనక ఎవరు బతికారో లెక్కపెట్టారు, అంతే.

అలా కొలిచినప్పుడు విటమిన్ డి ఒక్కటే మన చేతికి రాదు. దానితోపాటు ఆ మనిషి జీవితమంతా వచ్చేస్తుంది. ఈ విటమిన్ కొవ్వులో కరిగేది కాబట్టి ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్లలో కొంత అక్కడే నిల్వ ఉండిపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది. స్థూలకాయం వేరే దారిన గుండెకు చేటు చేస్తూనే ఉంటుంది. రోజూ ఆరుబయట నడిచేవాళ్లకు ఎండ తగిలి విటమిన్ డి పెరుగుతుంది. ఆయుష్షు పెరిగేది మాత్రం నడక వల్ల. మోకాళ్ల నొప్పులతోనో, పక్షవాతంతోనో, ఆయాసంతోనో ఇంటిపట్టున ఉండిపోయినవాళ్లకు ఎండ ఎక్కడిది? ఒంట్లో వాపు లక్షణాలు ఉన్నప్పుడు కూడా రక్తంలో ఈ అంకె పడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కిడ్నీ సంగతి. మధుమేహం వల్ల కిడ్నీ దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైతే, విటమిన్ డిని రక్తంలో మోసుకుతిరిగే ప్రొటీను కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. ఇక్కడ కిడ్నీ జబ్బు ముందు, విటమిన్ తగ్గడం తర్వాత. ఈ వరస తెలియకుండా అంకె ఒక్కటే చూస్తే విటమిన్ తగ్గబట్టే కిడ్నీ చెడిందని అనుకుంటాం. జ్వరం వచ్చిన మనిషి చంకలో థర్మామీటరు తీసి విదిలిస్తే పాదరసం దిగుతుంది, జ్వరం దిగదు. అధ్యయనాలు చేసేవాళ్లు బరువు, వయసు, నడక లాంటివన్నీ లెక్కలో సర్దుబాటు చేస్తారు, నిజమే. కానీ ఒక మనిషి ఎంత నీరసంగా ఉన్నాడన్నది పూర్తిగా ఏ లెక్కకూ అందదు.

ఇలాంటి చోట వైద్యశాస్త్రం ఇదివరకు గట్టి దెబ్బే తిన్నది. బీటా కెరోటిన్ ఎక్కువగా తినేవాళ్లలో కేన్సర్ తక్కువని జనాభా లెక్కలు చెబితే ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అందుకే విటమిన్ డి విషయంలో కూడా చీటీలు వేసినట్టు జనాన్ని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అసలు మాత్ర, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది అందిందో చివరిదాకా తెలియనివ్వని పరీక్షలు చేశారు. అమెరికాలో వైటల్ పేరుతో జరిగిన పరీక్షలో 25,871 మంది పాల్గొన్నారు. రోజుకు 2,000 యూనిట్లు, అయిదేళ్లకు పైగా. గుండెపోటు, పక్షవాతం, కేన్సర్ ఏవీ తగ్గలేదు. ఆ పరీక్షలోనే టైప్-2 మధుమేహం ఉన్న 1,312 మంది కిడ్నీలను విడిగా గమనించారు. మన చర్చకు నేరుగా సంబంధించిన భాగం అది. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె ఒకటుంది. రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టి ఇప్పుడు చాలా రిపోర్టుల్లో ఇస్తున్నారు. అయిదేళ్లలో ఆ అంకె ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 13 తగ్గితే, విటమిన్ డి వేసుకున్నవాళ్లలో 12 పైచిలుకు తగ్గింది. అంటే తేడా లేనట్టే. ఇక మన సాచెట్ మోతాదుతోనే ఆస్ట్రేలియాలో ఇంకో పరీక్ష జరిగింది. 60 ఏళ్లు, ఆ పైబడ్డ 21,315 మందికి నెలకోసారి 60,000 యూనిట్లు చొప్పున అయిదేళ్లు ఇచ్చారు. వాళ్లలో మధుమేహం లేనివాళ్లే ఎక్కువనుకోండి. అయినా మరణాలు తగ్గలేదన్న ఫలితం మాత్రం పట్టించుకోదగ్గదే.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు, అది గట్టి అభ్యంతరమే. ఆ అమెరికన్లకూ ఆస్ట్రేలియన్లకూ మొదట్లోనే విటమిన్ డి సరిపడా ఉంది కదా, కడుపు నిండినవాడికి అన్నం పెట్టి బలం రాలేదంటే ఎలా అంటారు. వైటల్‌లో చేరేనాటికి సగటు మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల పైనే ఉన్న మాట నిజం. మన దగ్గర 10, 12 ఉన్నవాళ్లు కోకొల్లలు. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. వైటల్‌లో 20 కంటే తక్కువ ఉన్నవాళ్లను విడదీసి చూసినా గుండెకు మేలు కనబడలేదు. కానీ బాగా అడుగంటినవాళ్లు అందులో తక్కువే. అమెరికాలోనే మధుమేహానికి ముందుమెట్టయిన ప్రీడయాబెటిస్ దశలో ఉన్న 2,423 మంది మీద రోజుకు 4,000 యూనిట్లతో జరిగిన డీ2డీ అనే పరీక్ష 2019లో వెలువడింది. రెండున్నరేళ్లలో విటమిన్ జట్టులో 293 మందికి, ఉత్తుత్తి జట్టులో 323 మందికి మధుమేహం వచ్చింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పలేమని తేల్చారు. అయితే 12 కంటే తక్కువతో మొదలుపెట్టిన వంద మంది చిల్లరలో మాత్రం మేలు బాగా ఎక్కువగా కనిపించింది. ఈ చిన్న గుంపు లెక్క పట్టుకొని కొందరు సంబరపడుతున్నారు. పరీక్ష అయిపోయాక గుంపులు గుంపులుగా విడదీసి చూస్తే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి మెరుస్తుంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి అలాంటివాళ్లతోనే మళ్లీ మొదటినుంచి పరీక్ష పెట్టాలి. ఆ పరీక్ష పెట్టడానికి మన దేశం కంటే అనువైన చోటు మరొకటి ఉండదు. పెట్టాల్సిన బాధ్యత కూడా మనదే. అది వచ్చేదాకా ‘బాగా లోటున్నవాళ్లకు మేలు చేయవచ్చు’ అన్నంతవరకే అనగలం.

ప్రీడయాబెటిస్ అన్న మాట వచ్చింది కనుక ఆ సంగతి న్యాయంగా చెప్పాలి. విటమిన్ డి పక్షాన ఉన్న గట్టి సాక్ష్యం అక్కడే ఉంది. ఇలాంటి మూడు పరీక్షల్లో పాల్గొన్న ప్రతి మనిషి వివరాలనూ కలిపి 2023లో లెక్కవేస్తే మధుమేహం వచ్చే అవకాశం 15 శాతం తగ్గింది. ప్రీడయాబెటిస్ ఎక్కువ ప్రమాదకర స్థితిలో ఉన్నవాళ్లు ఆహార వ్యాయామాలతోపాటు విటమిన్ డి కూడా తీసుకోవచ్చని 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ సూచించింది కూడా. మధుమేహం ఇప్పటికే వచ్చినవాళ్ల గురించి ఆ సూచన లేదు. 15 శాతం అంటే ఇంటి లెక్కలో ఎంత? సుమారు 30 మంది మూడేళ్లు వాడితే ఒక్కరికి మధుమేహం తప్పుతుంది. దాని పక్కన 2006లో వెలువడిన మన చెన్నై అధ్యయనాన్ని పెట్టి చూడండి. ప్రీడయాబెటిస్ ఉన్న 531 మందిలో ఏ సలహా అందనివాళ్లలో మూడేళ్లకు 55 శాతం మంది షుగర్ రోగులయ్యారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39 శాతం. అంటే ఆరేడుగురు జీవనం మార్చుకుంటే ఒకరు తప్పించుకున్నారు. రెండూ వేర్వేరు దేశాల లెక్కలు కాబట్టి తక్కెడలో పెట్టినట్టు తూచలేం, అయినా ఏది పెద్దదో పోల్చుకోవడానికి ఇవి చాలు. మన దేశంలో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు 13.6 కోట్ల మందని భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే అంచనా. మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఇంతమందికీ సాచెట్ చీటీ రాసివ్వడం తేలిక. నడక చీటీ రాసి, ఆరు నెలల తర్వాత పిలిచి నడిచావా అని అడగడం కష్టం.

ఇంత ఎండున్న దేశంలో ఈ లోటేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి జవాబు కొంతవరకు మన తిరుపతిలోనే దొరికింది. అక్కడి స్విమ్స్ వైద్య సంస్థలో డాక్టర్ హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లో పొలం పనులు చేసేవాళ్లకు పట్నవాసులకంటే విటమిన్ డి మెరుగ్గానే ఉంది, అయినా అంత ఎండలో పనిచేసేవాళ్లలో ఉండాల్సినంత లేదు. ఆడవాళ్లలో మరీ తక్కువ. వాళ్ల తిండిలో కాల్షియం తక్కువగా, ధాన్యాలలో ఉండే ఫైటేట్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కాల్షియం చాలకపోతే ఒంట్లో ఉన్న విటమిన్ డి త్వరగా ఖర్చయిపోతుంది. కాబట్టి పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు లేని కంచానికి సాచెట్ ఒక్కటే జవాబు కాదు. తిరుపతిలోనే తేలిన ఇంకో విషయం చాలామందికి మింగుడుపడదు. చర్మంలో విటమిన్ డి బాగా తయారయ్యే వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య. పొద్దున్నే బాల్కనీలో నీరెండ కాచుకుంటే చాలునని మనవాళ్లు నమ్ముతారు. హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఆ వేళ సూర్యకిరణాలు ఏటవాలుగా వస్తాయి, విటమిన్ తయారుచేసే అతినీలలోహిత కిరణాలు చాలావరకు గాలి పొరల్లోనే ఆగిపోతాయి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో అయితే అవి దాదాపు ఉండవు. నీడ మనకంటే పొట్టిగా పడే వేళ ఎండ అయితేనే పని జరుగుతుంది. మరి షుగర్ ఉన్నవాళ్లందరినీ మిట్టమధ్యాహ్నం నిలబడమందామా? చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది. గుడి ఆవరణలో కాలిన బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చాక అరికాలి బొబ్బలు చూసుకునే రోగులను మన డాక్టర్లు ప్రతి వేసవిలోనూ చూస్తుంటారు. ఆ బొబ్బ పుండై, పుండు మానక కాలి వేలు తీసేయాల్సిన దాకా పోవచ్చు. చెప్పులు వేసుకొని, నెత్తిన ఏదైనా కప్పుకొని, చేతులకు కాళ్లకు ఎండ తగిలేలా పది పదిహేను నిమిషాలు, అదీ వేసవి కాని నెలల్లో అయితే సరే. రోహిణి కార్తెలో వద్దేవద్దు.

సరే, ఇన్ని లెక్కలెందుకు, చవకైన మందే కదా, మేలు చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు, పోయేదేముంది అంటారు. తరచూ వినిపించే మాట ఇది. నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపించేదీ ఇదే. పోయేవి ఉన్నాయి. వారానికొకటి అని రాసిస్తే రోజుకొకటి వేసుకొని, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో, మలబద్ధకంతో, మతిమరుపుతో ఆసుపత్రిలో చేరినవాళ్ల సంగతులు వైద్య పత్రికల్లో మన దేశం నుంచే వచ్చాయి. అసలే మధుమేహంతో కిడ్నీ నలిగినవాళ్లకు పెరిగిన కాల్షియం మరో దెబ్బ. ఒకేసారి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ చేయించుకుంటే ఏడాదికి నిశ్చింత అనే అలవాటు కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు, ఆ పైబడ్డ 2,256 మంది మహిళలకు ఏడాదికోసారి అయిదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, ఎముకలు గట్టిపడతాయనుకున్నది పోయి, వాళ్లు పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి. 2010 నాటి ఫలితం అది. ఇక పరీక్ష ఖర్చు. చాలా ల్యాబుల్లో విటమిన్ డి పరీక్షకు హెచ్‌బీఏ1సీ కంటే ఎక్కువే తీసుకుంటారు. జేబులో డబ్బు ఒకదానికే సరిపోయినప్పుడు ఏది వదులుకోవాలో రోగికి ఎవరూ చెప్పరు. పైగా ‘తక్కువ’ అనే గీత ఎక్కడ గీయాలన్నదే తెగని తగవు. 2010లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 ఉంటే చాలామందికి చాలునంది. మరుసటి ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 కావాలంది. 2024లో ఆ సొసైటీయే 30 అనే గీతను ఉపసంహరించుకుంది. మన ల్యాబుల రిపోర్టుల్లో మాత్రం ఆ 30 ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 22 ఉన్న మనిషి ఆ రిపోర్టు పట్టుకొని తాను రోగిననుకుంటున్నాడు.

అలాగని అసలు లోటును తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. గొంతుక్కూర్చున్న మనిషి చేతులు నేలకు ఆనించకుండా లేవలేకపోతున్నా, మెట్లెక్కుతుంటే తొడలు సహకరించకపోతున్నా, ఎముకలు వేలితో నొక్కితే నొప్పిగా ఉన్నా పరీక్ష చేయించాలి, లోటుంటే పూర్తిగా పూడ్చాలి. మధుమేహం ఉన్నవాళ్లకు ఎముకలు విరిగే ప్రమాదం మామూలువాళ్లకంటే ఎక్కువ. చూపు మందగించి, పాదాలకు స్పర్శ తగ్గి, షుగర్ ఒక్కసారిగా పడిపోయి వాళ్లు తూలి పడటమూ ఎక్కువే. గడప దాటని వృద్ధులకు, ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకునే స్త్రీలకు పరీక్షతో పనిలేకుండానే రోజువారీ చిన్న మోతాదు ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణం రోజుకు 600 యూనిట్లు. భోజనంతోపాటు వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చేది కిడ్నీయే కాబట్టి వాళ్లకు ఏ రూపం, ఎంత మోతాదు అన్నది కిడ్నీ డాక్టరు తేల్చాలి, మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. ఇంకో విటమిన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. కాళ్లు తిమ్మిర్లెక్కితే అదంతా షుగర్ నరాల జబ్బేనని సరిపెట్టుకుంటే బీ12 లోటు దాని చాటున దాగిపోతుంది. మధుమేహంలో మందు వల్లే తగ్గుతుందని రుజువైన విటమిన్ అది. ఎందుకోగాని దానికి విటమిన్ డికి వచ్చినంత పేరు రాలేదు.

దీర్ఘకాలం బతికించే వాటి గురించి మాత్రం రుజువులకు కొదవ లేదు. 1998లో బ్రిటన్‌లో వెలువడిన యూకేపీడీఎస్ అనే అధ్యయనం ఫలితాల్లో, టైప్-2 మధుమేహంతోపాటు బీపీ ఉన్నవాళ్లకు బీపీని గట్టిగా అదుపులో పెడితే మధుమేహ సంబంధ మరణాలు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. వాళ్లు సాధించిన బీపీ సగటు 144కి 82, మనం ఇప్పుడు కోరుకునేదానికంటే ఎక్కువే, అయినా ఇంత మేలు జరిగింది. డెన్మార్క్‌లో స్టెనో-2 పేరుతో 160 మందినే తీసుకొని షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం, పొగ మానడం అన్నిటినీ ఒకేసారి పట్టుబట్టి సరిచేశారు. దాదాపు ఎనిమిదేళ్ల పాటు అలా చికిత్స అందినవాళ్లు, 21 ఏళ్ల తర్వాత చూస్తే, రెండో జట్టుకంటే మధ్యస్థంగా 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. కాబట్టి ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు విటమిన్ డి ఎంతుందని అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నా బీపీ ఎంత ఉండాలి, ఎంత ఉంది? మూత్రంలో ఆల్బుమిన్ పోతోందా, ఏడాదిలో ఒక్కసారైనా చూశారా? కంటి వెనక పొర పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఒక్కసారి నా పాదాలు చూస్తారా? అడిగేసి, సాక్సులు కూడా మీరే విప్పి కూర్చోండి.